పాట అయ్యేదాకా

ఇంకో గంటలో నన్ను చంపుతారు. పన్నెండు కొట్టగానే. ఏటా అక్టోబరులో చంపుతూనే ఉన్నారు, ఈ డ్రై క్రీక్ ఊళ్ళో జరిగే పాత కౌబాయ్ సీరియళ్ళ పండగలో. అంతకు ముందు టీవీలో వారం వారం చంపేవారు. చంపేవాడు లైల్ టారెంట్. తెల్ల టోపీ, తెల్ల గుర్రం, చేతిలో గిటారు, దేశమంతా పిల్లలు పడుకోబోయే ముందు దేవుడి తర్వాత తలుచుకున్న మనిషి. చచ్చేవాణ్ణి నేను. నా పేరు వెండెల్ ప్రూయిట్. ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేకపోయింది, ఎందుకంటే ప్రతి వారం ఒక కొత్త పేరుతో వచ్చి ఆ పేరుతోనే పోయేవాణ్ణి. పశువుల దొంగగా పోయాను, నీళ్ళ కాలువ మింగేసిన బ్యాంకు వాడిగా పోయాను, విధవరాలి పొలం మీద కన్నేసిన వాడిగా ఎన్నిసార్లు పోయానో నాకే గుర్తులేదు. పేర్లు ఎన్నయినా టోపీ ఒక్కటే, నల్లది. అందుకని సెట్టు మీద అందరూ నల్లటోపీ అనే పిలిచేవారు, లైల్ కూడా. లైల్ మరీను. ఇవాళ మాత్రం నేను పడను. ఆ సంగతి నా భార్య ఐనెజ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఐనెజ్ పోయిన ఫిబ్రవరిలో పోయింది, కాబట్టి ఆమెకి చెప్పడమంటే ఈ మధ్య ట్రక్కు నడుపుతూ పక్క సీటు వైపు చూసి గొణుక్కోవడమే.

సెలూన్ అని రాసిన సారా కొట్టు వెనక ఈ బల్ల మీద కూర్చుంటే చెక్కల సందుల్లోంచి వీధంతా కనిపిస్తుంది. వీధంటే ముందు చెక్కలే, వెనక ఏమీ లేదు. బ్యాంకు అని రాసినదాని వెనక అద్దె మరుగుదొడ్లు, షరీఫు ఆఫీసు వెనక పాప్‌కార్న్ మిషను, చర్చి వెనక సియెర్రా కొండలు. ఆ కొండలొక్కటే నిజం, వాటిని మాత్రం ఎవరూ ఫోటో తియ్యరు. వీధికి ఆ చివర నా ట్రక్కు ఆపి ఉంచాను, ముందరి మూతి ఇటువైపు తిప్పి. తాళం జేబులో ఉంది. ఇందాకటి నుంచి జేబులో చెయ్యి పెట్టి తాళాన్ని తడుముకుంటున్నాను, దొంగతనానికి వచ్చినవాడిలాగ. తుంటి సలుపుతోంది. కూర్చున్నా సలుపే, లేచినా సలుపే. డాక్టరమ్మ ఎక్స్‌రే కాగితం దీపానికి ఎదురుగా పట్టుకుని, మిస్టర్ ప్రూయిట్, ఈ ఎముక ఇక గాజు అనుకోండి, అంది. పండగ నడిపే డ్వేన్ అప్‌చర్చ్‌కి ఆ మాట చెబితే వాడు చాలా బాధపడ్డాడు. బాధపడి, పోస్టర్లు అచ్చయిపోయాయి అన్నాడు. డ్వేన్ ఫ్రెస్నోలో పళ్ళ డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు ఇంటి గుమ్మం పట్టనంత టోపీ పెట్టుకుని తిరుగుతాడు, గుర్రం దగ్గరికి రమ్మంటే మాత్రం తుమ్ములొస్తాయంటాడు. మంచివాడే. ఈ పండగలో అందరూ మంచివాళ్ళే, అదే నా ఖర్మ.

వీధిలో కుర్చీలు వేస్తున్నారు. ఏటా ఒక వరస తగ్గుతోంది. ఎవరూ ఆ మాట పైకి అనరు, కుర్చీలని కాస్త ఎడంగా వేసి సరిపెడతారు. ఒకప్పుడు చెక్కల గోడల మీద ఎక్కి కూర్చున్న జనం ఇప్పుడు చేతికర్రలతో వచ్చి నీడ ఎక్కడుందని అడుగుతున్నారు. వెంట మనవల్ని తెస్తారు, ఆ పిల్లలు ఫోన్లలోంచి తలెత్తరు. ఎందుకెత్తాలి పాపం, వాళ్ళ ఫోన్లలో వెయ్యి మంది చస్తుంటారు. పొద్దున నా బల్ల దగ్గరికి ఒకావిడ వచ్చింది, అంచులకి కుచ్చులున్న జాకెట్టు, చెవులకి వెండి లాడాలు. నా పాత ఫోటో మీద సంతకం పెట్టించుకుంటూ, ఆ రోజులే వేరండీ, ఎంత శుభ్రంగా ఉండేవి, ఒక్క చుక్క నెత్తురు కనిపించేది కాదు, టోపీ చూస్తే మంచివాడెవడో చెడ్డవాడెవడో తెలిసిపోయేది, అని కళ్ళు తుడుచుకుంది. నేను తల ఊపాను. నెత్తురు ఎందుకు కనిపించలేదో చెప్పాలనిపించింది. సీరియలుకి డబ్బు పెట్టింది పిల్లలు పొద్దున పాలల్లో వేసుకు తినే గింజల కంపెనీ, తిండి దగ్గర ఎరుపు కనపడకూడదని వాళ్ళ షరతు. అందుకని నేను శుభ్రంగా చచ్చేవాణ్ణి. చొక్కాకి ఒక చిన్న చిల్లు, అంతే. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, మీలా చచ్చినవాళ్ళు మరొకరు లేరు, అంది. మనస్ఫూర్తిగానే అంది. ఇన్నేళ్ళ నా జీవితానికి ఎవరైనా మనస్ఫూర్తిగా చెప్పిన మెచ్చుకోలు అదే.

చావడం కూడా ఒక పనే, రాకపోతే తెలుస్తుంది. లైల్ షికాగోలో రేడియో పాటగాడు. గుర్రమంటే వణుకు, తుపాకీ అంటే చిరాకు, ఒరలోంచి తియ్యడానికి అమ్మాయి పర్సులోంచి చిల్లర తీసినంత సేపు పట్టేది. నేనేమో నెవాడా పశువుల మందల్లో పుట్టినవాణ్ణి. నా చెయ్యి పైకి లేచేసరికి వాడి చెయ్యి ఇంకా తోలు వెతుక్కుంటూ ఉండేది. మొదటి రోజు డైరెక్టరు నెత్తి కొట్టుకుని, ఒరేయ్ నల్లటోపీ, నువ్వు ఓడిపోవాలిరా, అన్నాడు. అప్పటి నుంచి నేను నేర్చుకున్న విద్య ఆలస్యం. వాడి భుజం కదిలేదాకా ఆగాలి, ఒక ఊపిరి మింగాలి, అప్పుడు తియ్యాలి, తీసినట్టు కనిపించాలి, తియ్యడం పూర్తవకూడదు. వేగంగా చెయ్యడం ఎవరైనా నేర్చుకుంటారు. వేగం ఉన్నవాడు దాన్ని చేతిలోనే చంపుకోవడం, అదీ మొహంలో తెలియకుండా, ఆ కష్టం చేసినవాడికే తెలుస్తుంది. దేశంలో అందరికన్నా చురుకైన చెయ్యి లైల్‌ది అని పత్రికలు రాశాయి. నేనూ కొని చదివాను. ఐనెజ్ ఆ పేజీ చింపి చేపలు చుట్టింది.

పడ్డ తర్వాత పాట. అదే ఆ సీరియల్ ప్రత్యేకం. చంపి ఊరుకోడు, టోపీ తీసి, నా పక్కన నిలబడి, పొద్దు గూకే వేళ తల్లి గుమ్మంలో దీపం పెట్టడం గురించి పాడతాడు. మూడు చరణాలు. నిజంగా పాడేది అక్కడ కాదు, ముందే పాడిన రికార్డు లౌడ్ స్పీకర్లో వేస్తారు, వాడు పెదాలు కదుపుతాడు, గిటారు మీద వేళ్ళాడిస్తాడు. కెమెరా వాడి మొహం మీంచి కిందకి, నా మీదకి, మళ్ళీ పైకి. ఎప్పుడు నా మీదకి వస్తుందో తెలియదు కాబట్టి చచ్చినవాడు పాట అయ్యేదాకా కదలకూడదు. కదిలితే షాట్ పాడు, మళ్ళీ మొదటి నుంచి చావాలి. ఈగ ముక్కు మీద వాలుతుంది, తోలకూడదు. ఎర్రచీమ మెడలోంచి చొక్కాలోకి దిగి తన పని తాను చూసుకుంటుంది, ఓర్చుకోవాలి. ఎండలో నేల పెనంలా కాలుతుంటే చెంప దానికి ఆనించి, కళ్ళు సగం తెరిచి, ఊపిరి కడుపులోకి కాకుండా వీపులోకి పీల్చుకుంటూ, ఆ దీపం గురించి మూడు చరణాలు. ఆ పాట ఈ లోకంలో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. లైల్ రెండో చరణంలో ఒక మాట దగ్గర ఊపిరి తప్పాడు, రికార్డులో అలాగే ఉండిపోయింది. దాన్ని నేలకి చెవి ఆనించి విన్నవాడికే పట్టుకోవడం కుదురుతుంది. మంచి పాటే, ఏం చెయ్యను. బాగోలేని పాటయితే ద్వేషించడం ఎంత సులువుగా ఉండేది.

ఒక చెవితోనే విన్నాను అనుకో. ఎడమ చెవి రెండో ఏడాదే పోయింది. గుండు లేని తూటా కదా ఏం కాదులే అనుకుని లైల్ మరీ దగ్గర నుంచి పేల్చాడు, మందు మొహాన కొట్టింది, చెవిలో గంట మోగడం మొదలై ఆగనే లేదు. నేను కూలబడితే అందరూ భలే పడ్డాడనుకున్నారు. లైల్ వంగి, సారీ నల్లటోపీ, అని భోజనానికి వెళ్ళాడు. కావాలని చెయ్యలేదు. వాడు ఏదీ కావాలని చెయ్యలేదు, అసలు ఎవరినైనా చూస్తే కదా కావాలని చెయ్యడానికి. తర్వాత చాలా ఏళ్ళకి టీవీలో ఎవరో పెద్దావిడ, మీ చేతిలో అన్నిసార్లు చచ్చిన ఆయన ఇప్పుడెక్కడున్నారు అని అడిగితే, ఆ, అలాంటివాళ్ళు చాలామంది ఉండేవాళ్ళమ్మా, అని నవ్వాడు. చాలామంది ఎక్కడ. నేనొక్కణ్ణే. ఐనెజ్ లేచి టీవీ కట్టేసి, ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. తప్పు నాదయినట్టు.

ఐనెజ్ ఇక్కడే, ఆ సెట్టు మీద, బట్టల బండిలో పనిచేసేది. ఈ లోయ పిల్లే, పైయూటి తెగ మనిషి, ఇక్కడికి పైన వాగు పక్కన వాళ్ళ వాడ. ప్రతి శుక్రవారం నా చొక్కా ఆమె చేతికి వెళ్ళేది, ఎందుకంటే నిర్మాత పిసినిగొట్టు, అదే చొక్కా వచ్చే వారం మళ్ళీ చావాలి. ఆమె ఆ చిల్లుని కనపడకుండా రఫూ చేసేది. ఎప్పుడూ అక్కడే, గుండె మీద. ఒక రోజు దారం పళ్ళతో తెంపుతూ, ఏమయ్యా, ఒక్కసారైనా పొట్టలో కాల్పించుకోకూడదా, ఇక్కడ గుడ్డ మిగల్లేదు, అంది. మా మధ్య మొదటి మాట అది. మరోసారి నాకు ఒంటికి గోధుమ రంగు పూసి, జడల విగ్గు పెట్టి, కొండ మీంచి దూకే రెడ్ ఇండియన్‌ని చేశారు. ఆ విగ్గు పెట్టమని ఐనెజ్‌కే చెప్పారు. ఆమె తండ్రీ బాబాయీ బండి వెనక నీడలో కూర్చుని ఉన్నారు, గుంపులో గుర్రాల మీంచి పడే కూలికి వచ్చి. ఆమె నా మొహం చూసి, విగ్గు చూసి, ఈకని అటూ ఇటూ తిప్పి, మా ఇళ్ళల్లో ఈ పక్షిని ఎవరూ చూసి కూడా ఉండరు, అంది. నవ్వుతూనే అంది. బాబాయి ఆ రోజు ఒకే కొండ మీంచి రోజంతా పడ్డాడు, ఒక్కో షాట్‌కి ఒక్కో దుప్పటి మార్చి. తెర మీద అది పెద్ద సైన్యం. లైల్ ఆ సైన్యాన్నంతా చంపి పాట పాడాడు.

ఆమె నేను పడటం ఎప్పుడూ చూడలేదు. పెళ్ళికి ముందు లేదు, తర్వాత లేదు. తుపాకీల టైముకి సూదిమందు డబ్బా చూసిన పిల్లలాగా బండిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఈ పండగ మొదలయ్యాక కూడా నా బల్ల వెనక కూర్చుని ఏదో ఒకటి కుట్టుకునేది, పన్నెండు అవుతుంటే గుడ్డ మడిచి, లేచి వెళ్ళి ట్రక్కులో అద్దాలెత్తుకుని కూర్చునేది. పాట అయిపోయాక వెళితే, చచ్చావా, అని అడిగేది. చచ్చాను అనేవాణ్ణి. అయితే అన్నం తిందాం పద, అనేది. అది మా పరాచికమని నేననుకున్నాను. జనవరిలో ఆస్పత్రిలో, ముక్కుకి గొట్టం, కిటికీలోంచి ఇవే కొండలు, మంచు పట్టి. నేను పక్కన కూర్చుని టీవీ చానళ్ళు తిప్పుతుంటే ఎక్కడో తెల్లవారుజాము చానల్లో నేనే పడుతున్నాను, నలుపు తెలుపుల్లో, కుర్రాణ్ణి. గభాలున మార్చబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. చూసింది. మొత్తం చూసింది, పాటతో సహా. చూసి అంది:

"మీ సినిమాల్లో మా వాళ్ళంతా పడుతూనే పోయారు. మా నాన్న పడ్డాడు, బాబాయి పడ్డాడు. తీరా ఇష్టపడి కట్టుకుంటే మొగుడూ పడేవాడే దొరికాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వాడు కాల్చాక కూడా నిలబడి నా దగ్గరికి నడిచి రావయ్యా. ఆ రోజు అద్దం దించి చూస్తాను."

వస్తానన్నాను. అక్టోబరు దాకా ఆగు, వస్తాను అన్నాను. ఆగుతానని ఆమె అనలేదు, అబద్ధాలు ఆమెకి రావు.

అందుకే ట్రక్కు. అందుకే ఇటువైపు మూతి. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమె వైపు అద్దం కిందకి దించాను. దుమ్ము పడుతుందని తెలుసు, పడనీ. ఇన్నేళ్ళకి నాకొక సీను దొరికింది, అందులో నాకు మాటల్లేవు, ఉన్నదల్లా నడక. తూటా పేలుతుంది, నేను నిలబడే ఉంటాను, టోపీ తీసి దులిపి మళ్ళీ పెట్టుకుంటాను, వెనక్కి తిరిగి ట్రక్కు దాకా నడుస్తాను. కొట్టేది నాకేమీ లేదు, తిట్టేది లేదు. వాళ్ళ పండగ, వాళ్ళ దీపం, వాళ్ళ శుభ్రమైన రోజులు, అన్నీ వాళ్ళే ఉంచుకోవచ్చు. పడకపోవడం ఒక్కటి నాకిస్తే చాలు. లైల్ ఏమనుకుంటాడని మాత్రం ఆలోచించనక్కర్లేదు, వాడికి అనుకోవడం పోయింది. మూడేళ్ళుగా మతిమరుపు, ఈ ఏడాది మరీ ఎక్కువ. పొద్దున హోటల్లో టిఫిను దగ్గర చూశాను, చక్రాల కుర్చీలో, మెడకి గుడ్డ కట్టి. కూతురు కాన్‌స్టన్స్ పాన్‌కేకులు చిన్న ముక్కలు చేసి నోట్లో పెడుతోంది. ఆమెని వాళ్ళమ్మ పేరుతో పిలుస్తున్నాడు. తర్వాత ఎవరమ్మా మీరు అని అడిగాడు, ఎంతో మర్యాదగా. ఆమె మొహం చూడలేక నేనే దగ్గరికి వెళ్ళి పలకరించాను. లైల్ నన్ను పైనుంచి కింద దాకా చూసి, పైపు రిపేరుకి వచ్చావా, కింద గదిలో కారుతోంది, అన్నాడు. కాన్‌స్టన్స్‌కి చచ్చిపోయినంత పనైంది. ఏమీ అనుకోకండి వెండెల్ గారూ, ఇల్లు కూడా గుర్తులేదు, నేను కూడా గుర్తులేను, అంది. నేనేం అనుకోలేదమ్మా అన్నాను. నిజంగానే. చెప్పొద్దూ, ప్రాణం తేలిక పడింది. ఇన్నాళ్ళూ నా పేరు వాడికి ఎందుకు రాలేదని కడుపు మండేది, ఇప్పుడు ఎవరి పేరూ రాదు. రోగానికి అందరూ సమానమే. ఈ లోకంలో నాకు దొరికిన న్యాయం అదొక్కటే, అదీ ఒక జబ్బు చేసి పెట్టింది.

డ్వేన్ వచ్చాడు. టోపీ సెలూన్ తలుపుకి తగిలి వంకరైంది. పెద్దాయనా, మంచినీళ్ళు తాగారా, అన్నాడు, ఉరితీసే ముందు అడిగినట్టు. నా భుజం మీద చెయ్యేసి, మీ తుంటి సంగతి నేను మర్చిపోలేదండోయ్, మీరు పడేచోట గడ్డి పరిపించి పైన మట్టి చల్లించాను, చిన్న ఎర్ర గుడ్డ ముక్క గుర్తు పెట్టాను, దాని మీద నిలబడండి, మెత్తగా పడిపోవచ్చు, ఎవరికీ తెలియదు, అన్నాడు. ఇంత మంచితనం చూస్తే ఒళ్ళు మండుతుంది. లైల్ గారికి చెయ్యి వణుకుతోంది, కాస్త చూసుకుని ఆలస్యంగా తియ్యండి, అని కూడా అన్నాడు. ఆలస్యం గురించి నాకు చెబుతున్నాడు. మీరు పడగానే రికార్డు వేస్తారు, లైల్ గారి చొక్కాకి మైకు కూడా పెట్టాం, ఒకవేళ తోడు పాడితే వినిపిస్తుందని, అన్నాడు. నేను లేచాను. తుంటి లేవలేదు, దాన్ని తర్వాత లేపాను. నల్ల టోపీ పెట్టుకున్నాను. బెల్టు బిగించాను, ఐనెజ్ కొత్తగా చేసిన రంధ్రంలో, ఒళ్ళు తగ్గిపోయిందని పోయినేడు తనే పొడిచింది.

వీధిలోకి వచ్చేసరికి తెల్లటి ఎండ. జనం ఈలలు వేశారు, ఛీ కొట్టారు. నన్ను ఛీ కొట్టడం ఆనవాయితీ, ప్రేమతోనే కొడతారు. వీధికి ఆ పక్క చక్రాల కుర్చీ, అందులో తెల్లచొక్కా, మెరిసే రాళ్ళు, వాటి మధ్య ఎక్కడో లైల్. కాన్‌స్టన్స్ వంగి తుపాకీని వాడి చేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. ఎర్ర గుడ్డ ముక్క కనిపించింది. దాన్ని దాటి వచ్చి నిలబడ్డాను, రెండు మూడు బారల ఇవతల, గట్టి నేల మీద. పడనివాడికి గడ్డెందుకు. డ్వేన్ అక్కడి నుంచి వెనక్కి జరగమని చెయ్యి ఊపుతున్నాడు, చూడనట్టు ఊరుకున్నాను. చర్చి గంట కొట్టారు. జనం సద్దుమణిగారు. ఎక్కడో ఒక చంటిది ఏడుస్తోంది. లైల్ నా వైపు చూస్తున్నాడు, పైపు రిపేరు చేసేవాడి వైపు చూసినట్టే, తర్వాత వాడి కళ్ళు నా టోపీ మీదకి వెళ్ళాయి, అక్కడ ఆగాయి. భుజం కదిలింది. అది నాకు తెలిసిన భుజం. నా ఒళ్ళంతా ఒక్కసారి సర్దుకుంది, ఊపిరి దానంతటదే మింగుడుపడింది. చెయ్యి ఆలస్యంగా ఒర మీదకి వెళ్ళింది, ఎంత ఆలస్యంగా అంటే మధ్యలో నేను ముసలివాణ్ణయిపోయాను. వాడి తుపాకీ లేచి, వణికి, ఆకాశం వైపు పోయి, కిందకి దిగి, పేలింది.

నిలబడ్డాను. మోకాళ్ళు రెండూ వంగబోయాయి, వాటికి వేరే సంగతి తెలియదు కదా, పళ్ళు బిగించి పట్టుకున్నాను. నిలబడ్డాను. ఐనెజ్, చూడు. జనం ముందు నవ్వారు, ముసలాడు మర్చిపోయాడని. తర్వాత నవ్వు ఆగిపోయింది. రికార్డు దగ్గరి కుర్రాడు నా వైపు, డ్వేన్ వైపు చూస్తున్నాడు. నేను టోపీ తీసి దులిపాను. మళ్ళీ పెట్టుకున్నాను. ఆ నిశ్శబ్దం ఎంత బాగుంది. ఈ వీధిలో తూటా తర్వాత పాట లేకపోవడం నేనెప్పుడూ వినలేదు, కొండల మీంచి వచ్చే గాలి చప్పుడు ఇన్నేళ్ళూ ఆ పాట కిందే ఉండిపోయిందన్నమాట. వెనక్కి తిరిగాను. ట్రక్కు కనిపిస్తోంది, దించిన అద్దం, లోపల నల్లటి నీడ. ఒక అడుగు వేశాను. ఇంకొకటి. తుంటి కూడా నాతోనే ఉంది. అప్పుడు వెనక నుంచి, లౌడ్ స్పీకర్లోంచి, వీధంతా నిండేలా, ఒక ముసలి గొంతు. కోపం లేదు అందులో. సెట్టు మీద లైటు పోతోందని తోటివాణ్ణి తొందర పెట్టే గొంతు.

"పడవయ్యా, వెండెల్. పాట అందుకోవాలి నేను."

వెండెల్. తెలుసన్నమాట. కూతుర్ని మర్చిపోయాడు, భార్యని కూతురి మొహంలో పెట్టుకుని తిరుగుతున్నాడు, తన ఇల్లు ఎవరిదో అనుకుంటున్నాడు, అన్నీ రాలిపోయాక అడుగున మిగిలింది నా పేరు. మొదటి రోజు నుంచీ ఉంది వాడి దగ్గర. సారీ నల్లటోపీ అన్నప్పుడూ ఉంది. చాలామంది ఉండేవాళ్ళమ్మా అని నవ్వినప్పుడూ ఉంది. నాలుక చివర పెట్టుకుని ఇన్నేళ్ళు ఒక్కసారి వదల్లేదు. మర్చిపోయినవాణ్ణి క్షమించేశాను కదా పొద్దున, ఇప్పుడు ఆ క్షమాపణని ఎలా వెనక్కి తీసుకోను. తిరిగి వాడి మొహాన ఏదైనా అనాలి, అంటాను, ఇప్పుడే అంటాను, అని అటు తిరిగాను. లైల్ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, గిటారు లేని చేతిని గిటారు మీద పెట్టినట్టు పెట్టుకుని, నా కోసం ఆగి ఉన్నాడు. నా కోసం. ఎవరి కోసమూ కాదు, నా కోసం. తుపాకీకి లొంగని మోకాళ్ళు ఆ మాటకి లొంగాయి. నేను పడలేదు, నన్ను అడక్కుండా నా ఒళ్ళు పడింది, ఎప్పుడూ పడినట్టే, ముందు మోకాళ్ళు, తర్వాత భుజం, తర్వాత చెంప. తుంటి దగ్గర ఎండుకొమ్మ విరిగిన చప్పుడు ఒక్కటి కొత్తది.

చప్పట్లు. లేచి నిలబడి కొడుతున్నారు, కుర్చీలు జరిగిన చప్పుడు నేలలోంచి వినిపిస్తోంది. అబ్బ, ఎంత ఊరించి పడ్డాడో చూశారా, అని వెండి లాడాల ఆవిడ ఎవరితోనో అంటోంది. రికార్డు గరగరమని, తర్వాత ముప్పై ఏళ్ళ లైల్ గొంతు, నున్నగా, పొద్దు గూకే వేళ, గుమ్మంలో దీపం. దాని మీద ముసలి లైల్ గొంతు కూడా, తప్పకుండా, ప్రతి మాటా. కాలి మంట పైకి పాకుతోంది, నడుముకి, పొట్టకి, అరవడానికి నోరు ఉంది, చుట్టూ ఇంతమంది మంచివాళ్ళున్నారు, డ్వేన్ పరుగెత్తుకొస్తాడు, అంబులెన్సు మరుగుదొడ్ల వెనకే ఉంది. అరవలేదు. ఊపిరి వీపులోకి పీల్చుకున్నాను. రెండో చరణంలో ఆ మాట దగ్గర ఇద్దరు లైల్‌లూ ఒకేసారి ఊపిరి తప్పారు. సగం తెరిచిన కంటికి నేల మట్టం నుంచి ట్రక్కు కనిపిస్తోంది, దించిన అద్దం. ఈసారి తను చూసింది. ముక్కు మీద ఒక ఈగ వాలింది. తోలలేదు. మూడో చరణం ఇంకా ఉంది.